బఫెలో అన్నయ్యలకూ అప్పలకూ శ్రీకాకుళం నుంచి కృతజ్ఞతలు

ఈ చలికాలంలో మొదటిసారి మంచు తుపాను చూసిన మా పిల్లలందరూ క్షేమంగా ఉన్నారు. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇటు రాజాం, బొబ్బిలి నుంచి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకి చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు వీళ్ళు. తుపానుకి మూడు రోజుల ముందు నుంచి, అది వెలిశాక ఇంకో రెండు రోజుల దాకా వాళ్ళని కనిపెట్టుకుని ఉన్నది అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న మన తెలుగువాళ్ళే. పేర్లు రాయొద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ మీరు ఏం చేయించారో, ఎందుకు చేయించారో మాత్రం పూర్తిగా రాస్తున్నాం. వచ్చే ఆగస్టులో విమానం ఎక్కబోయే పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఇది చదవాలి.

మన తీరానికి తుపాను కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021లో గులాబ్. కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక నంబరు పెరుగుతోందంటే ఏం చెయ్యాలో ఉద్దానంలో చిన్నపిల్లలకీ తెలుసు. బిందెలూ డ్రమ్ములూ నింపుకోవాలి, టార్చిలైటు చేతికందేలా పెట్టుకోవాలి, అటుకులూ బెల్లం దగ్గరుంచుకోవాలి, కరెంటు మెయిన్ ఆపెయ్యాలి, పక్కా ఇంట్లోకి చేరిపోవాలి. పిల్లలు ఆ తెలివితోనే వెళ్ళారు. అందులో సగం అక్కడ పనికొచ్చింది. మిగతా సగం ప్రాణం మీదికి తెచ్చేదే. ఏది ఏ సగమో విడదీసి చెప్పింది మీరు. మా కృతజ్ఞత ముఖ్యంగా దానికే.

గాలి లెక్క దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. తిత్లీ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. అమెరికాలో బ్లిజార్డ్ (మంచు తుపాను) అనడానికి గంటకు 56 కిలోమీటర్ల గాలి చాలు. మన వాతావరణ శాఖ లెక్కలో 62 దాటితేనే తుపాను. 56 అంటే తీవ్ర వాయుగుండం, అంతే. ఆ అంకె చూసిన శ్రీకాకుళం కుర్రాడు ‘ఇదేం తుపాను’ అనుకుని పాల ప్యాకెట్‌కి బయల్దేరతాడు. బ్లిజార్డ్‌కి ఇంకో షరతు కూడా ఉంది: ఎగిరే మంచులో 400 మీటర్ల అవతల ఏమీ కనిపించకూడదు, అలా కనీసం 3 గంటలు సాగాలి. గాలి ముదిరితే ఆ 400 కాస్తా నాలుగు అడుగులవుతుంది. నేలా ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి, సొంత ఇంటి గుమ్మం ఎటుందో తెలియదు. 2022 డిసెంబరు చివరి వారంలో బఫెలో విమానాశ్రయంలో 52 అంగుళాలు, అంటే 130 సెంటీమీటర్ల మంచు పడింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు వీధిలో, కొందరు కార్లలో, కొందరు వేడి లేని ఇళ్ళలో. అంబులెన్సులే మంచులో ఇరుక్కుపోయాయి. ఆ సంగతులు మీరు పిల్లలకి ముందే చెప్పబట్టి ఎవరూ గడప దాటలేదు.

ఆ ఊరికే ఎందుకంత మంచు పడుతుందో కూడా మన భాషలో, మన పోలికతో విడమర్చి చెప్పారు. అక్టోబరులో బంగాళాఖాతం నీళ్ళు వెచ్చగా ఉండబట్టే తుపానుకి బలం వస్తుంది కదా. ఆ ఊరి పక్కనున్న ఈరీ సరస్సూ అంతే. వేసవిలో పట్టిన వేడి నవంబరు, డిసెంబరు దాకా నీటిలో మిగిలే ఉంటుంది. దాని మీదుగా గడ్డకట్టించే గాలి వీస్తే, నీటి మీది తేమనంతా ఎత్తుకుపోయి ఒడ్డుకి రాగానే మంచుగా కుమ్మరిస్తుంది. సరస్సు గడ్డకట్టేస్తే ఆ ధాటి తగ్గిపోతుంది. ఈ మంచు సన్నటి పట్టీలుగా పడుతుంది కాబట్టి ఒక పేటలో నడుము లోతు ఉంటే పది మైళ్ళ అవతల ఎండ కాస్తూ ఉండొచ్చు. పక్క ఊళ్ళో స్నేహితుడు ‘ఇక్కడేం లేదు, వచ్చెయ్’ అంటే బయల్దేరకూడదన్నది అందుకే. అక్కడి వాతావరణ హెచ్చరికల్లో ‘వాచ్’ అంటే తుపాను రావచ్చని, సరుకులు తెచ్చుకోవాలని అర్థం. ‘వార్నింగ్’ అంటే వచ్చేసినట్టే, ఇక కదలకూడదని అర్థం. వాచ్ ఇచ్చిన రోజే కొట్టుకి వెళ్ళాలి. వార్నింగ్ వచ్చాక వెళితే అరలు ఖాళీగా ఉంటాయి, తిరిగొచ్చే దారీ ఉండదు.

ఇంట్లో వేడి గురించి మీరు చెప్పింది అన్నిటికన్నా విలువైనది. తుపానులో మనకి భయం బయటే. ఇల్లు గట్టిదైతే లోపల క్షేమం. అక్కడ అపాయం లోపలికీ వస్తుంది.

ఆ ఇళ్ళలో నేలమాళిగలో ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ ఉంటుంది. అది గ్యాసుతో మండుతుంది కాబట్టి కరెంటు పోయినా ఫరవాలేదనుకుంటారు కొత్తవాళ్ళు. అది పొరపాటు. వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యానుకీ, మంట అంటించే పరికరానికీ కరెంటు కావాలి. కరెంటు పోతే గ్యాసు ఉన్నా ఇల్లు చల్లబడుతుంది. ఇంకొకటి: కొత్త రకం ఫర్నేస్‌లకి గోడలోంచి బయటికి రెండు ప్లాస్టిక్ గొట్టాలుంటాయి, ఒకటి గాలి పీల్చుకోడానికి, రెండోది పొగ వదలడానికి. చాలా ఇళ్ళలో అవి నేలకి ఒకటి రెండు అడుగుల ఎత్తులోనే ఉంటాయి. గాలికి మంచు ఆ గోడ వారకే కొట్టుకొచ్చి గొట్టాలు మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, లేదా పొగ ఇంట్లోకే తన్నుకొస్తుంది. ఫర్నేస్ ఆగిందని కంగారుపడి మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఆ గొట్టాల చుట్టూ చేత్తో మంచు తీసి చూడమన్నారు. మా పిల్లల ఇళ్ళలో ఒక దాంట్లో సరిగ్గా అదే జరిగింది, అదే పని చేస్తే తిరిగి వెలిగింది. గ్యాసు మీటరు చుట్టూ కూడా చేత్తోనో చీపురుతోనో తియ్యాలి కానీ పారతో కొట్టకూడదు, పైపు పగిలితే అంతే సంగతులు.

ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మగత, అంతే. జలుబు చేసిందేమో అనుకుని పడుకున్నవాళ్ళు లేవరు. మన ఇళ్ళు ఎంత మూసినా కిటికీ సందుల్లోంచి, పెంకుల్లోంచి గాలి ఆడుతుంది. అక్కడి ఇళ్ళు గాలి దూరకుండానే కడతారు. తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మనవాళ్ళు జనరేటరు వసారాలో పెట్టి నడిపారు. అక్కడ గ్యారేజీలో పెట్టి, తలుపు తీసి ఉంచినా సరే, ప్రాణం పోతుంది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకీ తలుపులకీ ఎడంగా, బయటే ఉండాలి. బొగ్గుల కుంపటి, గ్రిల్ పొయ్యి, క్యాంపు స్టవ్ లోపల వెలిగించకూడదు. వంట ఓవెన్ తలుపు తెరిచి గది వెచ్చబెట్టుకోకూడదు. గోడ మీది అలారం నాలుగుసార్లు కీచుమని ఆగి మళ్ళీ నాలుగుసార్లు మోగితే అది ఈ గ్యాసే. మూడేసిసార్లు మోగితే పొగ, నిప్పు. నాలుగు మోగితే ఏమీ వెతక్కుండా బయటికొచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. ప్రతి ఇంటికీ వెళ్ళి ఆ అలారాల బటన్ నొక్కి చూసి, పాత బ్యాటరీలు తీసి కొత్తవి వేసిన అన్నయ్యకి మేము ఎలా కృతజ్ఞత చెప్పగలం? రెండు ఇళ్ళలో అవి మోగనే లేదు.

కరెంటు పోయినప్పుడు అందరూ చిన్న గది ఒక్కదాంట్లోకి చేరాలి. కిటికీకి దుప్పటి కట్టాలి, తలుపు కింద తువ్వాలు దూర్చాలి. మనిషి ఒంటి వేడే ఆ గదికి వేడి. కొవ్వొత్తుల కన్నా బ్యాటరీ లైటు మేలు, దుప్పట్ల మధ్య మంటెందుకు?

నీళ్ళ గొట్టాల సంగతి మాకు బొత్తిగా తెలియనిది. మన దగ్గర తుపానప్పుడు కొళాయి గట్టిగా కట్టేస్తాం. అక్కడ వదిలెయ్యాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డకీ మూసిన కొళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి దారి లేక ఒత్తిడి పెరిగి గొట్టం చీలుతుంది. అందుకే బయటి గోడ వైపున్న కొళాయిలు వేడివీ చల్లవీ రెండూ సన్నటి ధారగా వదలాలి. సింక్ కింద అల్మారా తలుపులు తీసి ఉంచితే గది వేడి గొట్టాలకి తగులుతుంది. గ్యాసు బిల్లు గురించి జంకి, ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ తగ్గించకూడదు. ఊరెళ్ళినా 55 ఫారన్‌హీట్, అంటే మన 13 డిగ్రీలకి దిగనివ్వకూడదు. గొట్టం చీలితే మొట్టమొదట మూయాల్సిన పెద్ద వాల్వు ఎక్కడుందో తుపాను రాకముందే చూసిపెట్టుకోవాలి. మీరు పిల్లల చేత దానికి ఎర్ర రిబ్బను కట్టించారు. చీకట్లో, నీరు చిమ్ముతున్నప్పుడు వెతుక్కోకుండా ఉండటానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. గడ్డకట్టిన గొట్టాన్ని కరిగించాలంటే కొళాయి తెరిచి, కొళాయి వైపు నుంచి మొదలెట్టి జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వెచ్చబెట్టాలి. మంట చూపించకూడదు.

బట్టల విషయంలో అమ్మలందరం పొరపాటే చేశాం. సూట్‌కేసు నిండా నూలు బనియన్లు, నూలు ప్యాంట్లు. నూలు చెమటనీ తడినీ పట్టుకుని వదలదు, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. పొందూరు ఖాదీ మన ఎండకి దేవుడిచ్చిన బట్ట. మంచులో ఒంటిని అంటుకుని ఉండకూడదు. మొదటి పొర ఉన్నిదో పాలియెస్టర్‌దో బిగుతుగా, దాని మీద వేడిని నిలిపే మందపాటి ఉన్ని లేదా ఫ్లీస్, ఆ పైన గాలీ తడీ దూరని కోటు. రెండు జతల మేజోళ్ళు బిగుతుగా వేసి బూటులో కాలు ఇరికిస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒక్క ఉన్ని జత, వేళ్ళు కదిలేంత వదులు బూటు మేలు. వేళ్ళన్నీ విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. మనం పంపినవాటిలో మంకీ క్యాపు మాత్రం భేషుగ్గా పనికొచ్చిందట.

గాలి తోడైతే చలి లెక్కే మారిపోతుంది. మైనస్ 15 డిగ్రీలప్పుడు గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 29లా తగులుతుంది. అప్పుడు ముక్కు, చెవులు, వేళ్ళు అరగంట లోపే గడ్డకట్టుకుపోవచ్చు. మొద్దుబారి, తెల్లగానో బూడిద రంగుగానో మారితే మనం అలవాటుగా రుద్దుతాం. అదే చెయ్యకూడనిది. రుద్దితే లోపల గడ్డకట్టిన కండ చితికిపోతుంది. ఒంటికి ఓర్చే గోరువెచ్చని నీటిలో, 37 నుంచి 39 డిగ్రీల వేడిలో ఉంచాలి. స్పర్శ ఉండదు కాబట్టి స్టవ్ దగ్గరో హీటరు దగ్గరో పెడితే కాలినా తెలియదు. మనిషి వణుకుతున్నంతసేపూ నయమే. మాట ముద్దగా వస్తూ, చేతిలో వస్తువు జారిపోతూ, వణుకు ఆగిపోయిందంటే ఒంటి వేడి ప్రమాదకరంగా దిగిపోయినట్టు. 911కి చెప్పి, తడి బట్టలు తీసి, ముందు ఛాతీ, మెడ వెచ్చబెట్టాలి, కాళ్ళూ చేతులూ ఆ తర్వాతే.

తుపాను వెలిశాక ఎండ చూసి మోసపోవద్దని మరీ మరీ చెప్పారు. మేఘం విడిపోయిన రాత్రే చలి ఇంకా దిగుతుంది. ఆ మర్నాడే అందరూ పార పట్టుకుంటారు, ఆ రోజే గుండెపోట్లు వస్తాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది. తడి మంచు చూడ్డానికి దూదిలా ఉన్నా ఘనపు మీటరుకి 200 కిలోలు దాటుతుంది. ఎత్తి విసరకుండా నేల మీదే తోయాలి, పావుగంటకోసారి లోపలికొచ్చి కూర్చోవాలి, మంచు పడుతుండగానే, గాలి తెరిపిచ్చినప్పుడు కొంత కొంత తీసుకోవాలి. ఇంటి ముందు వీధి వైపు తిరిగి నిలబడితే మంచు కుడి పక్కన పోగెయ్యాలి. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి కదా, మంచు తోసే లారీ ఎడమ నుంచి కుడికి వెళుతుంది. ఎడమ పక్కన పోగేస్తే అదంతా మళ్ళీ మన గుమ్మంలోకే వస్తుంది. పక్కన ఫైర్ హైడ్రెంట్ (ఫైరింజన్‌కి నీళ్ళందించే వీధి గొట్టం) ఉంటే దాని చుట్టూ మూడడుగులు తీసిపెట్టాలి.

ఉప్పు గురించి నౌపడ ఉప్పు మడులు చూసిన మనకి ఒకరు చెప్పాలా అనుకుంటాం. చెప్పాల్సే వచ్చింది. లోతు మంచు మీద ఉప్పు చల్లితే వృథా. ముందు పారతో తీసి, అడుగున మిగిలిన పల్చటి గడ్డ మీద ఎడంగా చల్లాలి. 20 అడుగుల దారికి ఒక పెద్ద కాఫీ కప్పు చాలు. మైనస్ 9 డిగ్రీలకి కిందకి దిగితే మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు, కాల్షియం క్లోరైడ్ కొనాలి. జారకుండా నడవడం ఎలాగో మాత్రం మా పల్లె పిల్లలకి వెంటనే అర్థమైంది. వానలో వరిగట్టు మీద నడిచినట్టు నడవమన్నారట: చిన్న అడుగులు, బరువు ముందుకాలి మీద, చేతులు జేబుల్లో కాకుండా బయట.

కారు ఉన్న పిల్లలు ఇద్దరే. అయినా అందరికీ చెప్పారు: ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు; దారిలో ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీసి, తర్వాతే ఇంజను వెయ్యాలి. గంటకి పది నిమిషాలు చాలు, గాలి కొట్టని వైపు కిటికీ వేలెడంత దించి ఉంచాలి. ఏరియల్‌కి రంగు గుడ్డ కట్టాలి. పచ్చి మంచు తినకూడదు, అది కరగడానికి కావాల్సిన వేడి మన ఒంట్లోంచే పోతుంది. కారులో దుప్పటి, టార్చి, పార, నీళ్ళతో పాటు బెల్లం, జీడిపప్పు పెట్టుకోమన్నారు. పలాస జీడిపప్పు అక్కడ పనికొచ్చిన తీరు చూసి మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఇక్కడ నుంచి మేమందరం గంటకోసారి ఫోన్ చేస్తే ఆ ఛార్జింగ్ మా వల్లే అయిపోతుందని ఒక అప్ప మాకు నెమ్మదిగా నచ్చజెప్పింది. అక్కడ ఉదయం 8కి, రాత్రి 8కి ప్రతి పిల్లా పిల్లవాడూ ఆవిడకి ఒక్క మెసేజ్ పెట్టాలి: ఇంట్లో ఎంతమంది, కరెంటు ఉందా, గది వేడి ఎంత. ఆవిడ అందరి లెక్కా చూసుకుని మాకు ఒక్క మెసేజ్ పంపేది. అక్కడ ఉదయం 8 అంటే మనకి సాయంత్రం 6:30, అక్కడ రాత్రి 8 అంటే మర్నాడు ఉదయం 6:30. ఆ రెండు వేళల్లో ఆవిడ మెసేజ్ ఒక్కసారి కూడా తప్పలేదు, ఆలస్యం కాలేదు. ఒక పూట ఒక అబ్బాయి మెసేజ్ రాకపోతే, ఆ వీధిలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి పక్క వాటా నుంచి తలుపు కొట్టించి, క్షేమం తెలుసుకున్నాకే మాకు లెక్క పంపింది. అమ్మా, నీ చల్లని చేతికి మా దండాలు.

మూడు ఇళ్ళ ముందు అడగకుండానే స్నో బ్లోయరుతో దారి తీసిపెట్టిన పొరుగాయనకి, రాత్రింబవళ్ళు మంచు తోసిన లారీ డ్రైవర్లకి, తీగలు సరిచేసిన లైన్‌మెన్‌కి మా మాట ఇంగ్లీషులో చెప్పండి. తిత్లీకి ఉద్దానంలో స్తంభాలు నిలబెట్టిన లైన్‌మెన్‌ని చూసినవాళ్ళం, ఆ కష్టం మాకు తెలుసు.

ఆగస్టులో వెళ్ళే పిల్లల చేత మీ అందరికీ పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర, చోడిపిండి పంపుతున్నాం, అన్నీ సీలు వేయించిన ప్యాకెట్లే. ఈసారి సూట్‌కేసుల్లో నూలు బనియన్లు సగం తగ్గించాం. ఆ జాగా మీ కోసమే. ఇంకేం కావాలో మొహమాటం లేకుండా రాయండి.